తూము పెట్టిన ఓడ

మోషే మొండివాడు. ఆ సంగతి ముందే చెప్పుకుంటే కథ సులువుగా సాగుతుంది. కంభం చెరువు కింద సేద్యం చేసే రైతులందరికీ ఆ మొండితనం రుచి తెలుసు, ఎందుకంటే నడిమి తూము నీరటికాడు ఆయనే. "ఇంకొంచెంసేపు వదులు మోషే, నా పై మడి తడవలేదు" అని ఎంత పెద్ద రైతు వచ్చి బతిమాలినా, మీసం మెలేసినా, "నీ వంతు అయిపోయింది పెదనాయనా, పొయ్యి అన్నం తిను" అని చక్రం తిప్పి తూము దించేసే రకం. తిట్టినవాళ్ళు తిట్టేవాళ్ళు. మళ్ళీ కోతలప్పుడు కళ్ళంలో ఆయన వాటా గింజలు కొలిచి పెట్టేదీ వాళ్ళే.

నీరటికాడంటే చెరువుకు కాపలా మనిషి. ఏ తూము ఎంత ఎత్తాలి, ఏ కాలవకు ఎప్పుడు మళ్ళించాలి, కట్టలో ఎక్కడ చెమ్మ పుట్టింది, ఇదంతా ఆయన కనిపెట్టుకుని ఉండాలి. మోషే నాయనది అదే పని, తాతదీ అదే. "నీళ్ళకు దోవ నువ్వు చూపీకుంటే అవే చూసుకుంటాయిరా" అని నాయన చెప్పిన ఒక్క మాట మీద మోషే బతుకంతా నడిచింది. చెరువు ఎండిపోయిన కరువేళ్ళలో మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పనికి కుదిరాడు, దుమ్ముకు దగ్గుతూ పనిచేశాడు. నల్లమలలో వాన కురిసి గుండ్లకమ్మ పారిందని కబురు అందితే మాత్రం పని మధ్యలో వదిలేసి మొదటి బస్సు ఎక్కేసేవాడు. మేస్త్రీ వెనకాల ఎంత అరిచినా వినిపించుకునేవాడు కాదు.

ఇక ఆ పేరు. నీళ్ళతో పని చేసే ఇంట్లో పుట్టిన బిడ్డకు అంతకంటే మంచి పేరు ఏముంటుందని వాళ్ళమ్మ చర్చిలో విన్న కథ నుంచి తెచ్చి పెట్టుకుంది. ఇప్పటి పాస్టరుకు అదొక నవ్వులాట. "బైబిల్లో ఆ మోషే సముద్రాన్నే చీల్చినాడు, నువ్వు ఒక తూము ఎత్తడానికి అట్ల రొప్పుతావు" అంటాడు. "చీల్చేది సరే అయ్యగారూ, మళ్ళీ మూసుకునేటప్పుడు మునిగిపోయినోళ్ళ సంగతి గూడా చదవండి" అని మోషే జవాబు.

మన మోషే, ఒంగోలు దాటిపోతే సముద్రం ఉంటుందని తెలిసి కూడా, అరవై దగ్గర పడేదాకా దాని మొహం చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు కెజియా, కంభంలో ఇంటర్ చదివి, ఒకనాడు అన్నం తినేటప్పుడు మెల్లగా చెప్పింది.

"నాయనా, నాకు ఉద్యోగం వచ్చింది. నేవీలో."

మోషే ముద్ద నమిలి మింగాడు. పోలీసు లాంటిది ఏదో అనుకున్నాడు. "యాడ డ్యూటీ?"

"ముందు చిల్కాలో ట్రైనింగు. తర్వాత ఓడ మీద. సముద్రంలో."

ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో సంకటి అట్లాగే ఉంది. "వద్దు" అన్నాడు, అంతే.

ఆయన భార్య ఎల్లమ్మ చెంబు అందిస్తూ కూతురి వైపు చూసి, ఇప్పుడు మాట్లాడొద్దని కళ్ళతోనే చెప్పింది. ఆమెకు మొగుడి మొండితనం ఎంత తెలుసో దాని వెనక ఉన్న భయమూ అంతే తెలుసు. కెజియా పాలు తాగే బిడ్డగా ఉన్న ఏడు, పెద్ద వానల్లో, చెరువు కట్టకు బుంగ పడింది. బుంగ అంటే కట్ట లోపల నీళ్ళు తొలుచుకున్న బొరియ. ముందు పిడికిలంత ఉంటుంది, చూస్తుండగానే మనిషి పట్టేంత అవుతుంది, తర్వాత కట్టే ఉండదు. ఆ పొద్దు బిడ్డను గోనెపట్ట మీద పండబెట్టి, మొగుడూ పెళ్ళామూ రొమ్ము లోతు నీళ్ళలో దిగి, ఊళ్ళోవాళ్ళు వచ్చేదాకా ఇసుక బస్తాలతో, వరిగడ్డితో, చివరికి ఒంటి మీది బట్టలతో ఆ బొరియను మూసి పట్టుకున్నారు. కట్ట నిలిచింది. మోషేకు మాత్రం ఆ నీళ్ళు కాళ్ళ కింద నుంచి లాగిన లాగుడు ఈనాటికీ మరుపు రాలేదు.

"కట్ట ఉండే నీళ్ళే అట్ల చేసినాయి" అన్నాడు మర్నాడు, కూతురు మళ్ళీ కదిపితే. "కట్టే లేని నీళ్ళ మీదికి నిన్ను ఎట్ల పంపీమంటావు? ఆడ నీళ్ళను కాసేదానికి నీరటోడు యాడుండాడు?"

కెజియా ఎంత చెప్పినా ఆ ప్రశ్న దగ్గరికే వచ్చి నిలబడేవాడు. ఆ పిల్లకూ మొండితనం తండ్రి నుంచే వచ్చింది కాబట్టి ఊరుకోలేదు. కాళ్ళు పట్టింది, కాఫీ పెట్టి ఇచ్చింది, ఆయన పార తీసుకుని కట్ట మీద నడుస్తుంటే వెనకాలే నడిచింది. ఎల్లమ్మ చూసి చూసి నవ్వింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. మీ నాయన సరే అననీ, ఆ కాఫీ మళ్ళా కనపడితే నన్నడుగు" అంది కూతురితో.

చివరికి కెజియా ఆయనను వలి బాషా దగ్గరికి తీసుకుపోయింది.

వలి బాషాకు కంభం బస్టాండు పక్కన నెట్ సెంటరు ఉంది. పొద్దున హాల్‌టికెట్లూ ఆధార్ కార్డులూ అచ్చు తీసి ఇస్తాడు, జనం పల్చబడ్డాక కంప్యూటర్‌లో ఓడల ఆట ఆడతాడు. ఆడతాడంటే చిన్న మాట. యాభై దాటిన మనిషి, మనవళ్ళున్నవాడు, ఎక్కడెక్కడి దేశాల పిల్లకాయలతోనో పోటీ పెట్టుకుని వాళ్ళ ఓడలు ముంచి, టీ తెప్పించుకుని తాగుతాడు. ఆ ఆటలో ఓడను ఎవరికి వాళ్ళే కట్టుకోవాలి. అడుగు చెక్క దగ్గర నుంచి ఇంజను, ఫిరంగి, పొగగొట్టం దాకా ముక్కా ముక్కా అతికించుకోవాలి. కట్టింది నీళ్ళలోకి దింపి యుద్ధానికి పోవాలి. నీళ్ళ కింద పోయి తగిలే టార్పెడో అనే బాంబు ఒకటి ఉంది, బాషాకు అది ప్రాణం.

మోషేకూ ఆయనకూ పాత స్నేహం. కెజియా నేవీ సంగతి బాషాకు ముందే తెలుసు, అది ఆయనకూ నచ్చలేదు. "ఆడబిడ్డ కదన్నా, అంత దూరమా" అని మోషే దగ్గర ఒకటికి రెండుసార్లు అన్నాడు కూడా. అయినా పిల్ల అడిగింది కదా అని కుర్చీ లాగి మోషేను కూర్చోబెట్టి, తెర మీద ఆట తెరిచాడు.

సముద్రం వచ్చింది.

మోషే కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. తెర నిండా నీళ్ళు, లేస్తున్నాయి, పడుతున్నాయి, ఒక్క చోట నిలకడగా లేవు. కంభం చెరువు ఎంత పెద్దదైనా అవతల కొండలు కనిపిస్తాయి, ఎక్కడ కట్ట, ఎక్కడ అలుగు, నీళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాయి. ఇక్కడ చూపు పోయి పోయి ఆకాశంలో కలిసిపోయింది. బాషా ఒక మీట నొక్కితే బొమ్మ గిరగిరా చుట్టూ తిరిగింది, ఏ దిక్కుకు తిరిగినా అదే.

"అవతలి కట్ట యాడుండాది?" అని అడిగాడు మోషే.

"లేదు నాయనా" అంది కెజియా.

"మరి ఇన్ని నీళ్ళను ఏది పట్టుకోనుండాది?"

మోషే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో ప్రార్థనకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. అప్పుడు ఆ నీళ్ళ మధ్యలోకి ఒక ఓడ వచ్చింది, నల్లగా, పొడుగ్గా, బజారు వీధంత. అంత ఇనుము నీళ్ళ మీద నిలబడింది. మునగలేదు. మోషే లేచి నిలబడ్డాడు.

"ప్రభువా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ, ఊరి మలుపు దగ్గర, "అది కట్టినోళ్ళు మనుషులేనా?" అని కూతుర్ని అడిగాడు. కెజియా అదును చూసింది.

"నువ్వు గూడా కట్టొచ్చు నాయనా. ఆ ఆటలోనే. ఒక పందెం పెట్టుకుందాం. నేను చిల్కాకు బయలుదేరాల్సిన దినం లోపల నువ్వొక ఓడ కట్టు. దాన్ని బాషా మామ ఓడ మీదికి యుద్ధానికి పంపు. అది బతికి అవతలి రేవు చేరితే నన్ను పంపీ. మునిగితే నేనే పోను, ఉద్యోగం మాటే ఎత్తను."

బాషా ఓడను ఓడించినవాడు కంభంలో లేడు. మోషే మనసు మీది బరువు దిగింది. సరే అన్నాడు. తండ్రి చేతుల మీద నమ్మకంతో పందెం వేసిన కెజియా అంతటితో వదల్లేదు, తండ్రిని కట్ట మీదికి నడిపించుకుపోయి తూము రాయి మీద చెయ్యి పెట్టించింది. ఆ రాయికి ఒక మర్యాద ఉంది. నీళ్ళ వంతుల దగ్గర రైతులకు తగువొస్తే దాని మీద చెయ్యి పెట్టి మాట చెప్పాలి, చెప్పినవాడు తప్పకూడదు. మోషే తాత కాలం నుంచీ అదే పద్ధతి. మోషే దాని మీద చెయ్యి పెట్టి, "ఓడను సరిగ్గానే కడతా, చేతనైనంత బాగా కడతా. అది చేరితే పంపుతా" అన్నాడు. చెత్త ఓడ కట్టి గెలవాలనే ఆలోచన ఆయనకు రాలేదు. వచ్చినా చేతులు ఒప్పుకునేవి కావు.

మొదటి ఓడ గురించి కంభంలో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మోషే దగ్గర కూర్చుని ఏ ముక్క ఎక్కడ పెట్టాలో చెబుతుంటే కెజియా మౌసుతో పెట్టింది. చూడ్డానికి బాగానే వచ్చింది, కొంచెం మన ఎద్దుల బండి పోలిక ఉన్నా. అంతా అయ్యాక, "తూమేది?" అన్నాడు మోషే.

"ఓడకు తూము ఏంది నాయనా?"

"నీళ్ళు నిలిచే దేనికైనా అడుగున తూము ఉండాల్సిందే. వానొస్తాది, అల కొడతాది, లోపల నీళ్ళు చేరతాయి. పోయేదానికి దోవ పెట్టకుంటే గండి పడతాది. పెట్టు."

వెతికితే ఆ ఆటలో తెరుచుకుని మూసుకునే వాల్వు ఒకటి ఉండనే ఉంది. ఓడ అడుగున, సరిగ్గా మధ్యలో పెట్టారు. తెరిచి ఉంచమన్నాడు మోషే. ఓడ నీళ్ళలోకి దిగింది, రేవు గోడ దగ్గరే, శత్రువు ఎవడూ రాకముందే, ఫిరంగి పేలకముందే, నిమ్మళంగా కూర్చున్నచోటే మునిగిపోయింది. చివరికి పొగగొట్టం మీద బుడగలు వచ్చాయి.

వలి బాషా కుర్చీలోంచి జారి నవ్వాడు. హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్లలు కూడా మూగి నవ్వారు. మోషే నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ దింపమన్నాడు, మళ్ళీ మునిగింది, మళ్ళీ దింపమన్నాడు. మూడోసారి చూశాక బాషా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బాషా, ఇది తిరగేసిన చెరువురా. చెరువులో నీళ్ళు లోపల, మడి బయట. ఓడకు మడి లోపల, నీళ్ళు బయట. కట్ట ఇదే. మనిషి లోపల పొడి నేల మీద నిలబడి, చుట్టూ కట్ట కట్టుకోని, ఆ కట్టను ఎత్తుకోనే నడిచిపోతాండాడు."

నీళ్ళకు కట్ట కట్టేవాళ్ళ వంశంలో పుట్టాడాయన. కట్టే నడిచిపోతుందని, దాన్ని తోలుకుని సముద్రం దాటవచ్చని ఊహ ఎవరికి వచ్చిందో, ఆ మొదటి మనిషి ఎవరో అని తలుచుకుని ఒళ్ళు గగుర్పొడిచింది ఆయనకు. ఎల్లమ్మకు చెప్పాడు, పాస్టరుకు చెప్పాడు, తూము దగ్గర నీళ్ళ వంతు కోసం వచ్చిన రంగయ్యను ఆపి మరీ చెప్పాడు. రంగయ్య పెద్ద రైతు, నెమ్మదస్తుడు, అంతా విని, "అది సరేలే మోషే, నా వంతు ఎప్పుడు?" అన్నాడు.

అప్పటి నుంచి మోషేకు ఓడ పిచ్చి పట్టింది. పొద్దున తూము పని, ఎండ ఎక్కేసరికి బస్టాండు. కట్టిన ఓడలన్నీ మునిగాయి, ఒక్కొక్కటి ఒక్కోరకంగా. బరువంతా పైన పెడితే తిరగబడింది. ముందు బరువు ఎక్కువైతే ముక్కు మీద బోర్లా పడింది. గుండు తగిలి చిల్లి పడితే నీళ్ళు ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారిగా పరిగెత్తాయి. ఆ పరుగు చూడగానే మోషేకు మందు తట్టింది. నీళ్ళు పరిగెత్తకుండా పొలంలో ఏం చేస్తాం? గెనాలు, అంటే చిన్న గట్లు, వేసి మడులుగా కోస్తాం. ఓడ కడుపును కూడా మడులుగా కోయించాడు, మధ్య మధ్య ఇనుప గెనాలు వేయించి. బాషా వాటిని అరలు అంటాడు. మోషేకు మడులే.

మడి అన్నాక మడవ ఉండాలి కదా. పొలంలో నీళ్ళు లోపలికి పెట్టుకోవడానికి గెనానికి కొట్టే చిన్న గండిని మడవ అంటారు, పారతో ఒక పెళ్ళ తీస్తే తెరుచుకుంటుంది, ఒక పెళ్ళ వేస్తే మూసుకుంటుంది. మోషే తన ఓడలో ఎడమ పక్క మడులకూ కుడి పక్క మడులకూ సముద్రం వైపే మడవలు పెట్టించాడు, మూసి ఉంచి. ఎడమవన్నీ ఒక మీటకు, కుడివన్నీ ఇంకో మీటకు కలిపించాడు.

"ఇవి ఎందుకు నాయనా? తెరిస్తే నీళ్ళు లోపలికి రావడం తప్ప ఏముండాది?" అంది కెజియా, మొదటి ఓడ గుర్తుకొచ్చి.

"ఏమో నాకు తెలీదు. మడవ లేని మడి నేనెప్పుడూ చూడలేదు. పెట్టకుండా నాకు కుదరదు."

కెజియా బయలుదేరే ముందు రోజు యుద్ధం. ఆ పొద్దున మోషే చర్చికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, సిగ్గుపడుతూనే, ఓడను ముంచమని దేవుణ్ణి అడిగాడు. తాను కట్టిన ఓడల్లో అదే అన్నిటికంటే బాగా వచ్చిందని ఆయనకు తెలుసు. అందుకే అడగవలసి వచ్చింది.

నెట్ సెంటరు దగ్గర వలి బాషా ఆయనను గుమ్మం పక్కకు తీసుకుపోయాడు. "నువ్వేం దిగులు పెట్టుకోవద్దన్నా. ఒక్క టార్పెడో చాలు, నీ బిడ్డ ఇంట్లోనే ఉంటాది. నీ కోసం బాగా గురి చూసి కొడతా" అన్నాడు. మోషే ఆయన భుజం తట్టాడు.

ఎల్లమ్మ కూడా వచ్చింది, మొదటిసారి. కూతురి పక్కన బల్ల మీద కూర్చుంది. కెజియా చేతులు కట్టుకుంది, ఇక ఆటను ముట్టుకోకూడదని పందెం. మోషే చేతిలో గేమ్‌ప్యాడ్ ఉంది. బొటనవేలితో ఓడను తిప్పడం ఆయనకు ఈపాటికి బాగా పట్టుబడింది.

ఈ కొస రేవు నుంచి ఆ కొస రేవుకు చేరాలి. మధ్యలో బాషా నల్ల ఓడ. మోషే ఓడ బయలుదేరింది. అలలు ముక్కును ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. ఎల్లమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది. బాషా దూరం నుంచే ఫిరంగులు పేల్చాడు, మోషే అటూ ఇటూ తిప్పుతూ తప్పించాడు, తిరిగి పేల్చాడు. కాసేపు సమానంగానే సాగింది. తర్వాత బాషా పొగ తెర వేసి, దాని వెనక నుంచి చుట్టి వచ్చి, టార్పెడో వదిలాడు. నీళ్ళ మీద తెల్లటి గీత ఒకటి నిటారుగా వచ్చి మోషే ఓడ ఎడమ డొక్కలో తగిలింది.

తెర మూలలో ఓడ కడుపు బొమ్మ ఉంటుంది. ఎడమ పక్క మడులు ఒకదాని తర్వాత ఒకటి నీలం రంగుకు తిరిగాయి, అంటే నీళ్ళు నిండాయి. కుడి పక్కవి పొడిగా ఉన్నాయి. ఓడ ఎడమకు ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఎడమ ఫిరంగుల మూతులు నీళ్ళలో మునిగాయి, కుడి ఫిరంగులు ఆకాశాన్ని చూశాయి. ఇంక ఒక్క పెద్ద అల వస్తే తిరగబడుతుంది. అది అక్కడున్న అందరికీ కనిపించింది. బాషా ఇంకో దెబ్బ కొట్టనవసరం లేదని చేతులు దించేశాడు. కెజియా కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారడం ఎల్లమ్మ చూసింది.

మోషే ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు. పొద్దున అడిగిన వరం ఎదురుగా ఉంది. బిడ్డ ఇంట్లో ఉంటుంది, కంభంలోనో గిద్దలూరులోనో ఏదో పని చూసుకుంటుంది, కళ్ళ ముందర తిరుగుతుంది. ఆ మాట ఆయన మనసులో చాలా స్పష్టంగా వినిపించింది. కూర్చోవడం తప్ప చెయ్యవలసింది ఏమీ లేదు.

ఆయన కళ్ళు మాత్రం ఆ మడుల మీద ఉన్నాయి. ఒక పక్క మడులు నిండి పొంగుతున్నాయి, ఇంకో పక్క మడులు ఎండి ఉన్నాయి. బతుకంతా ఆయన చూసి చూసి సరిచేసిన తప్పు అదే. బొటనవేలు కదిలింది. కుడి మడవల మీట నొక్కింది.

"అన్నా" అన్నాడు బాషా.

కుడి పక్క సముద్రం లోపలికి వచ్చింది. తన ఓడలోకి తానే నీళ్ళు వదిలిన మనిషిని బాషా ఎన్నడూ చూడలేదు. కుడి మడులు నీలం తిరుగుతుంటే ఓడ మూలిగి, ఆగి, మెల్లగా కుడికి వాలడం మొదలుపెట్టింది. సమానమయ్యేదాకా చూసి మోషే మడవలు మూశాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఓడ నిటారుగా నిలబడింది. చాలా లోతుకు దిగిపోయి, మెడ దాకా మునిగిన గేదె మాదిరి, కానీ నిటారుగా. ఫిరంగులు మళ్ళీ శత్రువు వైపు చూశాయి.

కెజియా కళ్ళు తెరిచింది. బాషా తేరుకుని పేల్చాడు, ఉన్నవన్నీ పేల్చాడు, మాట ఇచ్చాడు కదా మరి. ఓడ అంత కిందికి ఉండేసరికి సగం గుండ్లు పైనుంచి పోయాయి. మోషే ఓడ అలల మధ్య నత్తనడక నడిచింది. పై అంతస్తు మీదుగా నీళ్ళు పొర్లాయి, పొగగొట్టం ఒకటి కూలింది, అయినా ఎటూ ఒరగలేదు. అవతలి రేవు దీపం కనిపించింది. రేవు గోడను ముక్కుతో తాకింది. తెర మీద బంగారు రంగు లంగరు వెలిగి ఆట ఆగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కెజియా గెలిచింది, ఆ పిల్లకు నవ్వడానికి భయమేసింది. బయట గిద్దలూరు బస్సు వచ్చి హారన్ కొట్టింది, కండక్టరు పిలుస్తున్నాడు.

"మడవలు ఎందుకు తెరిచినావన్నా?" అని మెల్లగా అడిగాడు వలి బాషా. "మునిగిపోతాండె కదా."

మోషే గేమ్‌ప్యాడ్ బల్ల మీద పెట్టాడు. "నీళ్ళు ఒక పక్కకే పోతాంటే చూస్తా కూర్చోవడం నాకు చేతగాదు బాషా" అన్నాడు. "కూర్చుందామనే చూసినా."

ఊరికి వచ్చాక ఆయన ఇంట్లోకి పోలేదు, నేరుగా కట్ట మీదికి పోయి తూము రాయి పక్కన కూర్చున్నాడు. కెజియా వెనకాలే వచ్చి కొంచెం ఎడంగా నిలబడింది. ఎండ ఇంకా ఉంది. చెరువులో సగం నీళ్ళున్నాయి, గాలికి చిన్న చిన్న అలలు వచ్చి రాతి కట్టకు తగులుతున్నాయి.

"నీకు ఇష్టం లేకుంటే పోను నాయనా. పందెం వదిలేద్దాం" అంది.

"రాయి మీద చెయ్యి పెట్టి చెప్పినా. పో."

"నువ్వు ఏడుస్తాండావు."

"ఏడుపొస్తాంది, ఏడుస్తాండా. దాన్ని నువ్వు పట్టించుకోవద్దు." మొహం తుడుచుకుని ఆమెను దగ్గరికి పిలిచాడు. "ఓడ ఎక్కిన దినం నువ్వు చేయాల్సిన పని ఒకటుండాది. అన్నం తినకముందే, పడక చూసుకోకముందే అడుగు. దీని మడవలు యాడుండాయి, వాటిని కాసేది ఎవరు అని అడుగు. ఆ మనిషి మొహం బాగా చూసి పెట్టుకో. నాకు ఫోన్ చేసి చెప్పు."

మర్నాడు కంభం స్టేషన్‌లో రైలెక్కించారు. ఎల్లమ్మ చెనిక్కాయల ఉండలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. మోషే రైలు కనిపించినంతసేపు నిలబడి, తర్వాత తూము దగ్గరికి పోయాడు. ఆ రోజు రంగయ్య వంతు.

చెరువు కింద ఒక పంట కోతకొచ్చి, ఇంకో పంట నారు పోసేదాకా మోషే సముద్రం మాట ఎత్తలేదు. ఓడల ఆటకూ పోలేదు, బాషా కబురు పెట్టినా. కెజియా ట్రైనింగు ముగించి విశాఖపట్నంలో ఓడ ఎక్కిన రోజు ఫోన్ చేసింది. మోషే కాలవ గట్టు మీద ఉన్నాడు, చేతికి బురద. ఎల్లమ్మ పరిగెత్తుకుంటూ ఫోన్ తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"అడిగినావా?" అన్నాడు, బాగున్నావా అని కూడా అనకుండా.

"అడిగినా నాయనా. ఇంకా అన్నం గూడా తినలేదు. రెండు పక్కలా ఉండాయి, మడి మడికీ ఉండాయి. ఎప్పుడు ఏది తెరవాలో, ఏది మూయాలో మాకందరికీ నేర్పిస్తాండారు. ఆ పనికని ఒక పెద్దాయన ఉండాడు. పొద్దున నుంచి ఓడంతా తిరిగి ప్రతి మడవా చేత్తో తడిమి చూస్తాడు. ఎవరైనా తలుపు సరిగ్గా మూయకుంటే అచ్చం నీ మాదిరే అరుస్తాడు."

మోషే గట్టు మీదే చతికిలబడ్డాడు. ఎల్లమ్మ కంగారుగా వంగి, ఏమైంది, పాప బాగుందా, ఏమంటుంది అని గుచ్చి గుచ్చి అడిగింది. ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

"ఆడ గూడా నీరటోడు ఉండాడంట ఎల్లమ్మా" అన్నాడు.